అట్రోపిన్ లెక్క అర్ధరాత్రి నేర్చుకునేది కాదు

పత్తి చేలో మందు కొడుతూ కూలిపోయినా, మనసు విరిగి తాగినా, ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఒంట్లోకి పోయిన మనిషి చాలావరకు ఒకే తీరుగా వస్తాడు. నోట్లో నురగ, సూదిమొనంత కంటిపాప, ఛాతీలో గురగుర. రాత్రి రెండింటికి కర్నూలు పెద్దాసుపత్రిలో అతని ముందు నిలబడేది చాలాసార్లు ఇంకా శిక్షణలో ఉన్న కుర్ర డాక్టరు, హౌస్ సర్జనే.

విరుగుడు అట్రోపిన్ అని అతనికి తెలుసు. తెలిసినా చెయ్యి వెనకాడుతుంది. గురగుర తగ్గేదాకా అయిదు నిమిషాలకోసారి డోసు రెట్టింపు చేయాలి. మన దగ్గర మామూలుగా దొరికే ఆంపూల్‌లో, అంటే చిన్న గాజు మందుబుడ్డిలో, 0.6 మిల్లీగ్రాములే. 3 మిల్లీగ్రాములతో మొదలుపెడితే 5 ఆంపూళ్లు, తర్వాత 10, 20, 40. పావుగంటలో 75! ట్రే నిండా గాజుముక్కలు చూసి భయపడి ఆపేస్తే ఊపిరాడక మనిషి పోతాడు. ఆగాల్సిన చోట ఆగకపోతే ఒళ్లు కాలిపోయి పలవరింతలు మొదలవుతాయి. ఛాతీ తేటపడిందా, చంకలో చెమట ఆరిందా, నాడి 80 దాటిందా అని చూస్తూ తేల్చుకోవాలి.

ఆ ధైర్యం పుస్తకంతో రాదు, బొమ్మ మీద పదిసార్లు చేస్తే వస్తుంది. ఖరీదైన యంత్రమే అక్కర్లేదు. ఒక బొమ్మ, ఖాళీ ఆంపూళ్లు, పక్కన నర్సు, నిమిషనిమిషానికీ నాడి, బీపీ అంకెలు మార్చి చెప్పే సీనియర్ ఉంటే చాలు. 2019 నాటి కొత్త ఎంబీబీఎస్ సిలబస్ ఇలా బొమ్మల మీద సాధన చేసే స్కిల్స్ ల్యాబ్ ఉండాలనే చెప్పింది.

బొమ్మకు చెమట పట్టదు, బంధువుల ఏడుపు వినిపించదు, వార్డే అసలు బడి అంటారు కొందరు పెద్ద డాక్టర్లు. వార్డు అవసరమే. కానీ ‘మన దగ్గర కేసులకేం కొదవ’ అన్న మాట వింటే నాకు కడుపు మండుతుంది. ఆ కేసు ఒక వేరుశనగ రైతు కొడుకు. డాక్టరు చేసే మొదటి తప్పు అతని ప్రాణం మీద ఎందుకు జరగాలి?

పైగా శిక్షణ మెడికల్ కాలేజీ గేటు దగ్గరే ఆగిపోతే లాభం లేదు. మనిషి ముందు చేరేది ఊరికి దగ్గరి ఆసుపత్రికి. అక్కడ చాలాసార్లు దొరికేది ‘కర్నూలుకు తీసుకుపోండి’ అన్న చీటీ. ఆదోని నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. అట్రోపిన్ పడకుండా ఆ దారి దాటడం ఎంత మందికి సాధ్యం? కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒప్పందం నుంచీ సీమ అడుగుతున్నది ఇదే: మాకు రావలసింది మా దగ్గరికి తెండి. నీళ్లయినా, కోర్టయినా, వైద్యమైనా. ఆ బొమ్మను ముందు పడుకోబెట్టాల్సింది ఆలూరు, పత్తికొండ ఆసుపత్రుల బల్లల మీద.