పెరటి కుంటను కప్పలకు వదిలిపెట్టండి

పెరట్లో చిన్న నీటి కుంట కట్టుకునే ఇళ్లు మన పట్టణాల శివార్లలో అక్కడక్కడా కనిపిస్తున్నాయి. చూసినప్పుడల్లా నాకు సంతోషం వేస్తుంది. అయితే దగ్గరికి వెళ్లి చూస్తే వాటిలో చాలావరకు నిలువు గోడల సిమెంటు తొట్లే. అడుగున నీలం టైల్స్, మధ్యలో పంపు, నీటిలో రంగు చేపలు, నాచు కనిపిస్తే చాలు బ్లీచింగ్ పొడి. తొలకరి రాత్రి నీటిని వెతుక్కుంటూ వచ్చిన గోదురుకప్ప అలాంటి తొట్టిలో దిగితే, పట్టు దొరకని నున్నటి గోడ ఎక్కలేక అలసిపోయి మునిగి చనిపోతుంది. కుంట కట్టిన తరువాత మనం దానికి చేసే సేవల్లో సగానికి పైగా మానేస్తే కప్పలు వాటంతట అవే వచ్చి స్థిరపడతాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

కప్పలు వచ్చాక దొరికే ఆనందం ఎలాంటిదో ముందు చెప్పాలి. వానాకాలంలో దీపాలు ఆర్పేసి పెరట్లో కూర్చుంటే ఎవరి గొంతు ఎవరిదో కొద్ది రోజుల్లోనే తెలిసిపోతుంది. సన్నమూతి కప్ప బొటనవేలంతైనా ఉండదు. దువ్వెన పళ్ల మీద గోరు గీసినట్టుండే దాని అరుపు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. చెట్టుకప్ప అరటి ఆకు మీదనో గోడ మీదనో కూర్చుని టకటకమంటూ ఆగి ఆగి పిలుస్తుంది. గోదురుకప్పది తెగని సాగదీత. నీటి మీద గెంతుకుంటూ పోయే నీటికప్ప పగలు కూడా తల పైకి పెట్టి తేలుతూ ఉంటుంది కనుక పిల్లలకు చూపించడానికి అదే అన్నిటికంటే అనువైనది. పొలాల పక్కన ఉన్న ఇళ్లవారికి మరొక అదృష్టం ఉంది. మిగతా కాలమంతా ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో ఉండే పెద్ద కప్పల్లో మగవి, మంచి వానలు పడగానే నిమ్మపండు పసుపుకు మారి, గొంతు కింద రెండు నీలి సంచులు ఉబ్బించి అరుస్తాయి. అంత అందమైన దృశ్యం మన ఊరి గుంటలోనే ఉండగా మనలో చాలామంది దాన్ని ఒక్కసారైనా చూడకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

చెట్టుకప్పల గూడు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే తెలియక ఎక్కువమంది నాశనం చేసేది దాన్నే. జత కట్టిన కప్పలు వెనక కాళ్లతో చిలికి, నీటికి పైన ఉన్న ఆకుకో తొట్టి గోడకో తెల్లటి నురుగు ముద్దను అంటిస్తాయి. గుడ్లు దాని లోపల ఉంటాయి. పైపొర గట్టిపడి లోపలి తడిని కాపాడుతుంది. కొద్ది రోజుల తరువాత గుడ్లలోంచి వచ్చిన చిరుకప్పలు, అంటే కాళ్లు రాని తోక పిల్లలు, ఆ నురుగులోంచి జారి కింది నీటిలో పడతాయి. సబ్బు నురుగనో బూజనో అనుకుని దాన్ని గుడ్డతో తుడిచేస్తే ఒక జంట కష్టమంతా పోయినట్టే. అలాగే నీటి మొక్కల చుట్టూ నల్లపూసల దండల్లా చుట్టుకుని కనిపించే జిగురు తీగలు గోదురుకప్ప గుడ్లు. వాటిని చెత్త అనుకుని తీసి పారేయకండి.

కుంట ఆకారం విషయంలో నేను పట్టుబట్టేది ఒక్క సంగతి మీదనే: కనీసం ఒక వైపు ఒడ్డు ఏటవాలుగా, పూర్తిగా నేలలో కలిసేలా ఉండాలి. మధ్యలో అడుగున్నర నుంచి రెండడుగుల లోతు చాలు. సిమెంటు అవసరం లేదు, మందపాటి సిల్పాలిన్ ప్లాస్టిక్ పట్టా పరిచి దాని మీద మట్టి వేస్తే సరిపోతుంది. ఇప్పటికే నిలువు గోడల తొట్టి ఉన్నవారు దాన్ని పగలగొట్టనక్కరలేదు. లోపలి నుంచి అంచు దాకా గరుకు రాళ్లు మెట్లుగా పేర్చినా, వాలుగా ఒక చెక్క దింపినా చిన్న ప్రాణులకు దారి దొరుకుతుంది. సగం నీడ పడేలా చూసుకుని, కలువ, తుంగ, వస వంటివి పెంచండి. గుర్రపుడెక్కను మాత్రం ఎంత అందంగా పూసినా తీసుకురావద్దు, అది నీటినంతా కప్పేస్తుంది. కుళాయి నీరు తప్పనిసరైతే క్లోరిన్ పోయేలా వెడల్పాటి పాత్రలో ఒకటి రెండు రోజులు ఎండలో ఉంచి పోయండి. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది. అందువల్ల నీటిలో మనం కలిపిన ప్రతిదీ దాని ఒంట్లోకి చేరుతుంది.

ఇక చేపల సంగతి. కప్పలు కావాలనుకునేవారు కుంటలో చేపలు వేయకూడదు. గప్పీలైనా, రంగు చేపలైనా గుడ్లను, చిరుకప్పలను తినేస్తాయి. వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించేది గంబూజియా. దోమల నివారణ పేరుతో అమెరికా ప్రాంతపు ఈ చేపను 1928లో మన దేశానికి తెచ్చారు. ప్రపంచంలో అత్యంత హానికరమైన వంద ఆక్రమణ జాతుల జాబితాలో దాని పేరుంది. అయినా మన పురపాలక సంస్థలు ఇప్పటికీ చెరువుల్లో, కుంటల్లో దాన్ని వదులుతూనే ఉన్నాయి. దోమ పిల్లలతో పాటు కప్ప పిల్లలను, దోమలను తినే నీటి పురుగులను కూడా అది మింగేస్తుంటే, దీన్ని సహజమైన పద్ధతి అని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

దోమల భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. కప్పలుంటే దోమలే ఉండవని చెప్పడం కూడా సరికాదు, ఎందుకంటే చాలా జాతుల చిరుకప్పలు ప్రధానంగా నాచునే తింటాయి. కానీ మొక్కలు, తూనీగ పిల్లలు, నీటి నల్లులు ఉన్న జీవమున్న కుంటలో దోమ పిల్లల్లో చాలా భాగం పెరగకముందే ఆహారమైపోతాయి. డెంగీని మోసే దోమ ముఖ్యంగా ఎక్కడ గుడ్లు పెడుతుందో చూడండి: కూలర్లు, డ్రమ్ములు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పూలకుండీల కింది పళ్లేలు. వాటిని వారానికొకసారి ఆరబెట్టకుండా కుంటను పూడ్చమనడం న్యాయం కాదు. ఇంకా అనుమానం ఉంటే దోమ పిల్లల మీద పనిచేసే బీటీఐ అనే బాక్టీరియా మందును మోతాదు ప్రకారం వేసుకోవచ్చు. రంపపు పొట్టును వాడేసిన ఇంజను నూనెలో నానబెట్టి చేసే ఆయిల్ బాల్స్‌ను మాత్రం మీ కుంటలో వేయనివ్వకండి. గాలి కోసం పైకి వచ్చే చిరుకప్పలకు ఆ నూనె పొర ప్రాణాంతకం. ఒడ్డున గడ్డి పెరిగిందని గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టడం కూడా అలాంటిదే. ఆకుకు అంటుకోవడానికి ఆ మందులో కలిపే పదార్థం చిరుకప్పల మొప్పలను దెబ్బతీస్తుంది. గడ్డిని చేత్తో పీకండి.

కప్పలు రావడం ఆలస్యమైందని వేరే ఊరి చెరువు నుంచి చిరుకప్పలను డబ్బాలో తెచ్చి పోయడం మంచి పని కాదు. దానివల్ల రోగాలు ఒక చోటి నుంచి మరో చోటికి పాకుతాయి. ఇందాక చెప్పిన పసుపు రంగు పెద్ద కప్పనే తీసుకోండి. మన పొలాలకు అది మేలు చేస్తుంది. అలాంటిది మనుషుల ద్వారా అండమాన్ దీవులకు చేరి, అక్కడ దాని పిల్లలు స్థానిక కప్పల పిల్లలను తినేస్తున్నాయి. ఇదే కప్పను ఒకప్పుడు కాళ్ల ఎగుమతి కోసం మన పొలాల్లో విపరీతంగా పట్టారు. 1987లో కేంద్ర ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. 2023లో వెలువడిన ప్రపంచ స్థాయి అంచనా ప్రకారం ఉభయచర జాతుల్లో దాదాపు 41 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయి.

పాములొస్తాయన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. కప్పలున్న చోటికి నీరుకట్టు పాము, జెర్రిపోతు రావచ్చు; ఆ రెండూ విషం లేనివే. నాగుపామును ఇంటి దగ్గరికి ఎక్కువగా రప్పించేది ఎలుకలు. కుంటను గుమ్మానికి దూరంగా పెట్టుకోవడం, రాత్రి టార్చి లేకుండా అటు వెళ్లకపోవడం అందరూ పాటించాల్సిన జాగ్రత్తలు.

వానలు లేని ఏడు మనం కప్పకావడి ఎత్తుతాం. కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ పాడుతూ తిరుగుతాం. వాన పడి అదే కప్ప స్నానాలగదిలోకి వస్తే చీపురు ఎత్తుతాం, ఉప్పు చల్లుతాం. తడి చర్మంతో బతికే ప్రాణికి ఎండలో వేలాడదీయడమూ, ఉప్పూ రెండూ నరకమే. ఆ పాటలు, ఆ నీళ్లు పోయడం అన్నీ అలాగే ఉంచుకుని, కట్టేది మట్టికప్పను కట్టుకుంటే ఆచారానికి ఏ లోటూ రాదని నా మనవి.

ఎండాకాలంలో కుంట ఎండిపోతే కంగారుపడి ట్యాంకరు తెప్పించనక్కరలేదు. మన కప్పల్లో చాలా జాతులు తడి మట్టిలో, రాళ్ల కింద, ఆకుల కుప్పల్లో ఆ కాలాన్ని దాటుకుంటాయి. ఎవరో వేసి వెళ్లిన చేపలు ఉంటే అవి కూడా దానితో పోతాయి. పూడిక తీయాలంటే అప్పుడే తీయండి. సగం మాత్రమే తీసి, తీసిన బురదను ఒక రాత్రి ఒడ్డునే ఉంచండి, అందులోని ప్రాణులు తిరిగి లోపలికి పాకిపోతాయి. మృగశిర కార్తెకు ముందే ఈ పని ముగించాలి, ఎందుకంటే తొలి గట్టి వాన పడిన రాత్రే గుడ్లు పెట్టడం మొదలవుతుంది. ఆ తరువాత చిరుకప్పలకు కాళ్లు వచ్చి ఒడ్డెక్కడానికి జాతిని బట్టి నెల నుంచి రెండు మూడు నెలలు పడుతుంది. అంతవరకూ ఆ నీటిలో చెయ్యి పెట్టకండి.