తలెత్తే అలవాటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తలెత్తే అలవాటు గారి సముఖానికి, నెల్లూరు జిల్లాలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నేర్పేవాళ్లం, నేర్చుకునేవాళ్లం కలిసి రాసుకున్న విన్నపం.

గట్టుమీద తమరెంత పెద్దమనిషో మాకు తెలుసు. "నలుగురిలో తలెత్తుకు బతకాల అబ్బయా" అంటూ ఉగ్గుపాలతో పోసిందే కదా. మా తగాదా అంతా పడవ బోర్లాపడ్డాక తమరు చేసే పెత్తనం గురించే.

పైన కూర్చునే రకం కయాకైతే తమరికి పనే లేదు. పడవ తిరగ్గానే మనిషి జారి పక్కన తేలతాడు. లోపల కూర్చునే రకంలో, పడవలోకి నీళ్లు రాకుండా నడుముకు తొడుక్కున్న స్ప్రే స్కర్టును కాక్‌పిట్ (కూర్చునే గుంట) అంచుకు బిగించినవాడు తలకిందులయ్యాడా, ముక్కులో నీళ్లు దూరిన మరుక్షణం తమరు వేంచేస్తారు. "ఎత్తు, గాలి పైనుంది!" అంటారు. వాడు వెనక్కి విరుచుకుని తల లేపబోతాడు. ఒళ్లు విరిచేసరికి కాళ్లు బిగుసుకుని తొడలు లోపలి ఆన్పులకు కరుచుకుంటాయి. చేతులు వెనకాల తడుముతుంటాయి, స్కర్టు ఊడదీసే పట్టీ ఏమో ముందుంటుంది. ఒడ్డుకొచ్చి "ఇరుక్కుపోయినా సార్" అంటాడు. పడవ వాణ్ణి పట్టుకోలేదు, తమరి మాట విని వాడే పడవను పట్టుకున్నాడు.

చెయ్యాల్సింది సరిగ్గా దానికి తిరగబెట్టి. సాష్టాంగపడే వాడిలా ముందుకు వంగి నుదురు పడవ వైపు తెచ్చుకోవాలి. రెండు చేతుల్తో పడవ పక్కల్ని మూడుసార్లు చరచాలి. ఆ చప్పుడు పక్కవాళ్లకు పిలుపు, మనకు కంగారు తగ్గే మందు. అంచు వెంబడి చేతులు ముందుకు జరిపి, పట్టీ దొరకబుచ్చుకుని పడవ మొనవైపుకు గుంజి, స్కర్టు అంచు వదిలాక ఎత్తెయ్యాలి. తర్వాత తుంటి పక్కన అరచేతులు ఆన్చి, ప్యాంటు విప్పుకున్నట్టు పడవను కాళ్లమీంచి తోసెయ్యాలి. అలవాటైతే ఏడెనిమిది సెకన్ల పని. బయటపడ్డాక పైకి తేవడం లైఫ్ జాకెట్ చూసుకుంటుంది.

పట్టీ స్కర్టు కిందికి మడుచుకుపోతే మాత్రం ఆ తప్పు తమరిది కాదు, మాదే. అందుకే కదిలే ముందు ఒకరి పట్టీ ఒకరం లాగి చూసుకుంటాం.

తమరికి తోడుదొంగ ముక్కు. తలకిందులైతే దాని రంధ్రాలు పైకి నోళ్లు తెరుచుకుంటాయి, నీళ్లు నేరుగా దిగుతాయి. క్లిప్పు పెట్టుకోవడం నామోషీ అనుకునేవాళ్లు "మ్మ్" అని మూలుగుతూ కొంచెం కొంచెం గాలి వదలాలి. ఇక ఊపిరి అందలేదన్న ఆరాటం ఒంట్లో ఆక్సిజన్ అయిపోయి పుట్టేది కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరిగి పుట్టేది. ఏడెనిమిది సెకన్లలో అంత పెరగదు. అది తమరు పుట్టించే పుకారు.

రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగి రొట్టె మార్చుకునేవాళ్లలో ఎవరైనా నీళ్లకు జడుస్తారా? నీళ్లు కిందున్నంతసేపూ అందరం వీరులమే. ముక్కు దాటాకే తమరి రాజ్యం.

అందుకే మేం మైపాడు అలల్లో మొదలుపెట్టం. పెన్నలో ఇసుక తవ్విన గుంతల జోలికి పోం. గుర్రపుడెక్క పట్టిన చెరువు అసలే వద్దు. ఛాతీలోతు, అడుగు కనిపించే నీళ్లు కావాలి. అంతకు తక్కువైతే హెల్మెట్ నేలకు కొట్టుకుంటుంది. ముందు ఇంట్లో స్టీలు బేసిన్లో మొహం ముంచి పది లెక్కపెట్టడం. తర్వాత స్కర్టు లేకుండా, పక్కన మనిషిని నిలబెట్టుకుని బోర్లాపడటం. నాలుగైదు సార్లు అయినాకే స్కర్టు.

చివరికి రోల్, అంటే బయటికి రాకుండానే పడవతో సహా తిరిగి పైకి లేవడం. అందులో తుంటి విసురుతో ముందు పడవ లేస్తుంది, తర్వాత ఒళ్లు, అన్నిటికన్నా ఆఖర్న తల. తల ముందు లేచిందా, పడవ మళ్లీ బోర్లా. కాబట్టి తమరిని రావద్దనడం లేదు. వరసలో ఆఖర్న నిలబడమంటున్నాం, అంతే.

ఇట్లు,
నుదురు పడవకు ఆన్చి,
తమ విధేయులు