గంటలు నావి, లెక్క వాళ్లది

బరంపురం వాడికి మాట్లాడటం నేర్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా నాబోటివాళ్లం చందా కట్టి, ఆదివారం సాయంత్రాలు ఏసీ హాల్లో కూర్చుని మరీ నేర్చుకుంటున్నాం.

1924 అక్టోబరు 22న రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో, నలుగురిలో మాట్లాడటం నేర్పే టోస్ట్‌మాస్టర్స్ తొలి క్లబ్బు మొదలుపెట్టాడు. ఆయన బాటలో నడిచే మా క్లబ్బులో అసలు పరీక్ష ఆశు ప్రసంగం. పేరు పిలుస్తారు, ప్రశ్న ఇస్తారు, లేచి మాట్లాడాలి. నిమిషానికి పచ్చ కార్డు, నిమిషంన్నరకు పసుపు, రెండు నిమిషాలకు ఎరుపు. మొన్న నాకొచ్చిన ప్రశ్న: 'మీరు గొడుగైతే?'

నేను గొడుగును కాను. అదే చెప్పాను. పచ్చ కార్డుకు ఇంకా యాభై సెకన్లుంది.

మన అవధానంలో గంటలు కొట్టేది పృచ్ఛకుడు, లెక్క చెప్పేది అవధాని. ఇక్కడ గంటలు నేనే, లెక్క వాళ్లది. ఊతపదాలు లెక్కపెట్టే పదవిలో ఉన్న కుర్రాడు చివర్లో లేచి గంభీరంగా చదివాడు: "'ఆ' పదకొండు. 'అంటే' ఏడు. 'మానే' తొమ్మిది. 'మీన్స్' నాలుగు."

దీనిపై నా అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా ఇచ్చాను. 1936 ఏప్రిల్ 1న మమ్మల్ని మద్రాసు నుంచి తీసి ఒడిశాలో కలిపారు. ఇంట్లో తెలుగు పోలేదు, బజారులో ఒడియా చేరింది, ఇంగ్లీషు ఎటూ ఉండనే ఉంది. కాబట్టి 'అంటే, మానే, మీన్స్' అనేది తడబాటు కాదు, మూడు భాషల్లో ఒకేసారి ఏమీ చెప్పకపోవడం. ఇది అందరికీ చేతకాదు. అప్పట్లో మా గంజాం జిల్లాలోనే ఉన్న పర్లాకిమిడి నుంచి గిడుగు రామమూర్తి గారు మాట్లాడినట్టే రాయమని పోరాడారు. మేమిప్పుడు రాసినట్టు మాట్లాడటానికి చందా కడుతున్నాం. అభ్యంతరం తిరస్కరించారు. అందులో అచ్చుతప్పులున్నాయట.

తర్వాత విశ్లేషకుడి వంతు. ముందు పొగడ్త, మధ్యలో తెగడ్త, చివర మళ్లీ పొగడ్త అన్నది అక్కడి మర్యాద. ఆయన తు.చ. తప్పకుండా పాటించాడు: "మీ చొక్కా బాగుంది. విషయం దొరకలేదు. చొక్కా నిజంగా బాగుంది."

బయటికొచ్చి పాత బస్టాండు దగ్గర టీ తాగుతూ, ఊరికే, టీకొట్టు అతన్ని అడిగాను. "నువ్వు గొడుగువైతే ఏటి చేస్తావ్?"

పాలు దించకుండానే అందుకున్నాడు. "వానలో ఎవుడూ మర్సిపోడు బావూ, ఎండొచ్చాకే మర్సిపోతాడు. అదీ గొడుగు బతుకు. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గిర ఒడ్డెక్కిన రోజు మా మావ గొడుగట్టుకుని బయల్దేరినాడు. మానే, గొడుగే మావని అట్టుకున్నాది..." నా పక్కనున్న ఆటో అబ్బాయికి అదే కథను ఒడియాలో, లారీ డ్రైవరుకు హిందీలో చెబుతూ మావను మూడు వీధులు దాటించాడు. నా రెండో గ్లాసు అయిపోయింది. ఏ కార్డూ పైకి లేవలేదు.

శిక్షణ పొందినవాణ్ణి కదా, రెండు మాటలు విశ్లేషణ చెప్పడం నా ధర్మం అనిపించింది. గొంతు సవరించుకున్నాను.

"ఆ..." అన్నాను.

"రెండు టీలు బావూ," అని చెయ్యి చాపాడు.