డూప్లికేట్ అని ఎవరన్నారు?

మొన్న ఆదివారం ఎర్రగడ్డ సండే మార్కెట్లో ఒక వీడియో గేమ్ డబ్బా దొరికింది. పాత రిమోట్లు, మిక్సీ జార్ల కింద ఇరుక్కుని ఉంది. స్టిక్కర్ ఎప్పుడో ఊడిపోయి జిగురు మరక మిగిలింది. "గది నడుస్తదో లేదో నాకెర్క లేదన్నా, నాలుగొందలియ్యి" అన్నాడు అమ్మేవాడు. రెండొందల యాభైకి తెగింది. రెండు జాయ్‌స్టిక్కులు, ఒక తుపాకీ, ఒక క్యాసెట్. క్యాసెట్ మీద 9999999 ఇన్ 1 అని ఉంది. లోపల నిజంగా ఎన్నుంటాయో మనకు తెలియంది కాదు.

ఫొటో తీసి, పాత వీడియో గేములు సేకరించే మా వాట్సాప్ గ్రూపులో పెట్టా. ఐదు నిమిషాల్లో ఒక పెద్దమనిషి తీర్పు చెప్పేశాడు: "క్లోన్ కదా బ్రో. డూప్లికేట్ సరుకు కలెక్షన్ కిందికి రాదు."

అయ్యా, మనకి ఒరిజినల్ ఎక్కడేడ్చింది? ఈ డబ్బాలకు అసలు మూలమైన నింటెండో కంపెనీ ఫామికామ్ 1983 జూలైలో జపాన్‌లో వచ్చింది. వేషం మార్చుకుని ఎన్‌ఈఎస్ పేరుతో అమెరికా వెళ్లింది. మన గల్లీలకు వచ్చినవి సమురాయ్, మీడియా లాంటి పేర్లున్న డబ్బాలు. నింటెండోకి పోటీ కంపెనీ అయిన సెగావాళ్లు షా వాలెస్ అనే కంపెనీ ద్వారా తమ మెగాడ్రైవ్ ఇక్కడ అమ్మారు, కాదనను. మా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్క ఇంట్లో చూసుంటే ఒట్టు. మారియో అయినా కాంట్రా అయినా మనం ఆడింది ఈ డూప్లికేట్ల మీదే. ఇప్పుడు ఈబేలో డాలర్లు పోసి బూడిదరంగు ఎన్‌ఈఎస్ తెప్పించుకుని "నా బాల్యం" అని పోస్టు పెట్టేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. అది ఎవరి బాల్యమో మరి!

ఇంటికొచ్చి డబ్బా విప్పా. లోపల యూఎంసీ ముద్రతో రెండు పెద్ద చిప్పులు: ఒకటి ప్రాసెసర్, ఇంకోటి బొమ్మలు గీసేది. యూఎంసీ తైవాన్ కంపెనీ. ఫామికామ్‌ని సెకనుకు అరవైసార్లు తెర గీసే 60 హెర్ట్జ్ టీవీ కోసం చేశారు, మనదేమో పాల్ (PAL) అనే 50 హెర్ట్జ్ టీవీ పద్ధతి. యూరప్ కోసం నింటెండో చేసిన పాల్ మిషన్లో ప్రాసెసర్ వేగాన్ని 1.79 మెగాహెర్ట్జ్ నుంచి 1.66కి దించారు. జపాన్ క్యాసెట్ పెడితే పాట శ్రుతి దిగుతుంది. పైగా ప్రాసెసర్ ఒక అడుగు వేసేలోపు బొమ్మల చిప్పు మూడడుగులు వేయాలన్నది అసలు లెక్క. అక్కడ అది 3.2 అయిపోయి కొన్ని గేముల్లో తెర చెదురుతుంది. యూఎంసీ వాళ్లేమో వేగం 1.77 దగ్గర ఉంచి, ఆ మూడు లెక్క చెడకుండా చూసుకున్నారు. 50 హెర్ట్జ్ కాబట్టి ఆట కొంచెం నిదానిస్తుంది, దానికెవరూ ఏం చేయలేరు. కానీ శ్రుతి దాదాపు అదే. ఒరిజినల్ వాడు పట్టించుకోని దాన్ని కాపీ కొట్టినవాడు పట్టించుకున్నాడు!

నడపాలంటే మాత్రం జాగ్రత్త. ఈ వంశం అడాప్టర్లలో సాధారణంగా మధ్య పిన్ను నెగెటివ్. పోయినేడు కోఠీలో ఒక రిపేర్ షాపులో నా ఇంకో డబ్బా ఇస్తే, మధ్య పిన్ను పాజిటివ్ ఉన్న ఏదో చేతికందిన అడాప్టర్ గుచ్చేశాడు. సన్నగా పొగ. "7805 పోయింది సార్" అన్నాడు, ఏదో తనకు సంబంధం లేనట్టు. చిప్పులు బతకడం నా అదృష్టం. గుజరాతీ గల్లీలో ఇరవై రూపాయలకు కొత్తది తెచ్చి నేనే టంకం పెట్టుకున్నా. లోపలికొచ్చే తొమ్మిది వోల్టుల్ని ఐదు చేసేది ఆ ఐసీనే, మిగతాదంతా వేడిగా వదిలేస్తుంది. చిన్నప్పుడు అమ్మ డబ్బా మీద చెయ్యి పెట్టి "కాలిపోతోంది, ఇంక ఆపండ్రా" అని అరిచేది దీనివల్లే.

గేమ్ రాకపోతే చిన్నప్పటిలా క్యాసెట్లో ఊదకండి. అప్పుడు పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. ఊపిరిలో తడికి పిన్నులు తుప్పు పడతాయి. ఇయర్‌బడ్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి తుడిస్తే నాకు కాటుకలా నల్లగా వచ్చింది.

ఇక తుపాకీ. ఎల్‌ఈడీ టీవీకి కలిపి బాతుల్ని కాల్చే ఆట డక్ హంట్ పెడితే ఒక్క బాతూ పడలేదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని సెన్సర్ ఆ మెరుపు కోసం చూస్తుంది. కొత్త టీవీ బొమ్మను ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి దానికేమీ కనపడదు. డబ్బా టీవీలో గీత గీతగా అప్పటికప్పుడే వెలుగుతుంది. ముందు నల్లబడేది ఎందుకో తెలుసా? ట్యూబ్‌లైట్‌కి గురిపెట్టే నాలాంటి దొంగల కోసం. నలుపులోనూ వెలుగు కనబడితే గురి తప్పినట్టే లెక్క.

నా అసలు బాధ ఇదీ. గ్రూపులో అందరూ సీల్ తీయని ఒరిజినల్ కోసం వెతుకుతారు, ఇంట్లో నడుస్తున్న డబ్బా టీవీని మాత్రం పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు. మా ఇంట్లోనూ అదే గొడవ. బాల్కనీలో 21 అంగుళాల టీవీ చూసినప్పుడల్లా "ఇది ఎప్పుడు పోతుంది?" అని మా ఆవిడ అడుగుతూనే ఉంది.

నిన్న రాత్రి తుపాకీ తన చేతికిచ్చా. మొదటి బాతు ఎగిరిపోయింది. గడ్డిలోంచి కుక్క లేచి నవ్వింది.

"దీని మొహం! మళ్లీ పెట్టండి" అంది.