వంతెన ఊగితే నడిచేవాళ్ళ మీద పడతారేం?

ఒళ్ళు మండిపోతోంది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

సాయంత్రం అమ్మతో కలిసి రోడ్డు దాటడానికి ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కాను. ఆఫీసులు వదిలే వేళ, మెట్ల దగ్గర్నుంచే జనం. ఎక్కినచోట ఏమీ తెలియలేదు. మధ్యకొచ్చేసరికి కాళ్ళ కింద ఇనుప ప్లేటు కిందకీ పైకీ ఆడటం మొదలైంది. రెయిలింగు పట్టుకుంటే ఆ వణుకు అరచేతిలోకి వస్తోంది. ఒకచోట బోల్టు వదులై, ఎవరు కాలు వేసినా ప్లేటు అంచు టక్కున లేస్తోంది. అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. వెనకనుంచి యూనిఫాం వేసుకున్న ఒకాయన అరుపు: "ఏందమ్మా, మెల్లగ నడువుండ్రి! మీరే ఊపుతున్నరు!"

మోకాళ్ళు అరిగిపోయి ఒక్కో అడుగూ కూడదీసుకుని వేసే మనిషి. ఆవిడ ఊపిందా?

ఇంటికొచ్చి ఫ్యామిలీ గ్రూపులో చెప్పుకుంటే బాబాయి కూడా అదే పాట. సైనికులంతటివాళ్ళే వంతెన మీద కవాతు ఆపి మామూలుగా నడుస్తారట, మన జనానికే క్రమశిక్షణ లేదట. ఇంటర్ ఫిజిక్సులో అనునాదం (వస్తువు ఊగే లయకే తోపుడు కలిస్తే ఊపు పెరిగిపోవడం) పాఠం దగ్గర చదివిన ఆ ఒక్క ముక్క మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నిజమే బాబాయ్, 1831లో ఇంగ్లండులో బ్రాటన్ వంతెన 74 మంది సైనికులు కదం తొక్కితే కూలింది. మరి 1850లో ఫ్రాన్సులోని అంజే ఊరి వంతెన సంగతి? అక్కడ సైనికులకి కదం తప్పించి, ఎడంగా నడవమని ముందే చెప్పారు. అయినా ఆ గాలివానలో వంతెన కూలి 200 మందికి పైగా చచ్చిపోయారు. తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. క్రమశిక్షణ ఎవరిని కాపాడింది?

లండన్ మిలీనియం బ్రిడ్జి గురించి కూడా చెప్తాను, వినండి. 2000 జూన్ 10న థేమ్స్ నది మీద తెరిచారు. నడిచేవాళ్ళ కోసమే కట్టిన వంతెన. పేరున్న ఆర్కిటెక్టు, పేరున్న ఇంజినీర్లు, కోటీ ఎనభై లక్షల పౌండ్ల ఖర్చు. మొదటిరోజే జనం వేలకు వేలు ఎక్కారు, అది పక్కలకి ఊగింది. రెయిలింగులు పట్టుకుని, కాళ్ళు ఎడం చేసుకుని నడవాల్సి వచ్చింది. రెండ్రోజుల్లో మూసేశారు.

మనిషి మామూలు నడకలో సెకనుకి దాదాపు రెండు అడుగులు వేస్తాడు. కుడికాలు ఒకవైపుకి, ఎడమకాలు రెండోవైపుకి కొద్దిగా నెడతాయి కాబట్టి, పక్కలకి వెళ్ళే తోపుడు సెకనుకి ఒకసారి పూర్తవుతుంది. అది బరువుతో పోలిస్తే లెక్కలోకి రానంత చిన్నది. కానీ వంతెనకి పక్కలకి ఊగే సహజ పౌనఃపున్యం (తనంతట తాను సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) కూడా అటూఇటూగా అక్కడే ఉంటే, ఉయ్యాలను అదను చూసి తోసినట్టే అవుతుంది. నేల కదిలితే మనం పడిపోకుండా కాలు కాస్త ఎడంగా వేస్తాం. ఆ అడుగు దాన్ని ఇంకాస్త ఊపుతుంది. అంతా ఒకే కదంలో నడవాల్సిన పని కూడా లేదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఎవరి మానాన వాళ్ళు నడిచినా, నిలదొక్కుకోవాలని వేసే అడుగే వంతెనకి శక్తినిస్తుంది. అంటే మెల్లగా నడవండి, కదం తప్పించండి అని జనం మీద అరిచి ప్రయోజనం లేదు. మనిషి పడకుండా నిలబడటం కూడా నేరమేనా?

ఆ ఇంజినీర్లు వంతెన మీద మనుషుల్ని నడిపించి పరీక్ష చేశారు. నూట యాభై పైచిలుకు మంది దాకా వంతెన బుద్ధిగానే ఉంది. ఇంకొద్దిమంది చేరగానే ఒక్కసారిగా ఊపందుకుంది. ఊపుని పీల్చుకునే పరికరాలు, అంటే డ్యాంపర్లు, పెట్టారు: జిగట ద్రవంతో పనిచేసేవి 37, బరువులు వేలాడే రకం యాభైకి పైగా బిగించారు. ఇంకో యాభై లక్షల పౌండ్లు పెట్టి 2002 ఫిబ్రవరిలో మళ్ళీ తెరిచారు. ఏం జరిగిందో కాగితం మీద పెట్టి ప్రపంచంలోని ఇంజినీర్లందరికీ చెప్పారు. నడిచిన జనానికి నడక నేర్పించలేదు.

మన దగ్గర? 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో వేలాడే వంతెన తెగి 135 మంది చనిపోయారు. అందులో ఎంతమంది పిల్లలు! బాగుచేసి తెరిచి నాలుగు రోజులే. ఆ రాత్రి నా ఫోన్లోకి వచ్చింది కుర్రాళ్ళు వంతెనని కాళ్ళతో తన్నుతున్న వీడియో. జనమే ఊపారు, జనమే చంపుకున్నారు అని కింద కామెంట్లు. తర్వాత దర్యాప్తులో ఏం తేలింది? ప్రధాన తీగలో 49 పోగులుంటే 22 అంతకుముందే తుప్పు పట్టిపోయాయి. ఆ వీడియో పంపినవాళ్ళు ఒక్కరైనా ఈ మాట పంపారా?

నాకు ఇంకో కోపం కూడా ఉంది. అసలు మా అమ్మ ఆ మెట్లెందుకు ఎక్కాలి? కింద రోడ్డు చదునుగానే ఉంది కదా. కార్లు ఆగకూడదని డెబ్భై ఏళ్ళ మనిషిని రెండంతస్తుల ఎత్తు ఎక్కించి దించుతున్నాం. లిఫ్టుకి తాళం, ఎస్కలేటర్ ముందు అడ్డంగా బారికేడ్. ఫుట్‌పాత్ మీద బైకులు, ట్రాన్స్‌ఫార్మర్, పానీపూరీ బండి. నడిచేవాడికి ఈ నగరంలో మిగిలింది ఆ వణికే ప్లేటే. దాని మీద కూడా తిట్లే. బైకు ఫుట్‌పాత్ ఎక్కితే ఆ యూనిఫాం ఆయన ఎన్నడైనా అరిచాడా? చచ్చినా అరవడు.

ఆ బోల్టు ఎవరు బిగించాలో కనుక్కుందామని రెండు ఆఫీసులకు ఫోన్ చేశాను. ఒకరు మాది కాదన్నారు, ఇంకొకరు కాంట్రాక్టరుదన్నారు. కాంట్రాక్టరు నంబరు మాత్రం ఇవ్వరు. ప్రతి ఫుట్‌బ్రిడ్జి మొదట్లో ఒక బోర్డు పెట్టండి: ఎవరు కట్టారు, ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఒకేసారి ఎంతమంది నడవొచ్చని లెక్కేశారు, ఫిర్యాదుకి ఏ నంబరు. కిందేమో జీబ్రా గీతలు గీసి సిగ్నల్ పెట్టండి, కార్లు అరనిమిషం ఆగుతాయి. మీ ఊళ్ళో ఇలా ఊగే బ్రిడ్జి ఉంటే కింద కామెంట్లో రాయండి, ఫోటోతో సహా. అన్నీ కలిపి ఆ రెండు ఆఫీసులకూ పంపుతాను.