నాలాల మీద కోపం, ఓటు మీద బద్ధకం

2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగింది. కాలనీలకు కాలనీలే రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, కార్లు కొట్టుకుపోయాయి, నాలాలు (వాన నీటి కాలువలు) పట్టించుకోలేదని ఊరంతా నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీని తిట్టిపోసింది. రెండు నెలలు తిరక్కుండానే, డిసెంబర్ 1న, ఆ జీహెచ్‌ఎంసీకే ఎన్నికలు వచ్చాయి. పోలింగ్ ఎంతో తెలుసా? 47 శాతం కూడా దాటలేదు! 2016 కంటే కాస్త పెరిగిందట, దానికే మురిసిపోవాలి కాబోలు.

కరోనా భయం అన్నారు. మరి నెల ముందు, అదే కరోనాలో, సిద్దిపేట జిల్లా దుబ్బాక అసెంబ్లీ ఉప ఎన్నికలో 80 శాతం పైన ఓట్లు ఎలా పడ్డాయి? అసలు సంగతి వేరు. శని, ఆదివారాలు, సోమవారం కార్తీక పౌర్ణమి, మంగళవారం పోలింగ్ సెలవు. అంత లాంగ్ వీకెండ్ దొరికితే క్యూలో ఎవరు నిలబడతారు? జాబితాలో పేర్లు గల్లంతైన వాళ్లనీ, ఊరు మారినా పాత ఓటు అలాగే ఉండిపోయిన వాళ్లనీ నేనేమీ అనను. అది అధికారుల పాపం. ఇంట్లో కూర్చుని టీవీలో పోలింగ్ శాతం చూస్తూ ‘ఛీ, ఈ జనం మారరు’ అన్నవాళ్ల మీదే నా మంట.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద అర్ధరాత్రి దాకా చర్చ. పెన్సిల్వేనియా లెక్కలు వేళ్ల మీద చెబుతారు. మన డివిజన్ కార్పొరేటర్ ఎవరండీ అని అడిగితే మాత్రం ఒక్కరూ పలకరు.