అమ్మమ్మకి ఎన్ని మార్కులు?

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే మూడు వస్తాయి. గుడ్ మార్నింగ్ గులాబీ, ఎవరిదో పుట్టినరోజు, గూగుల్ ఫారం. మొదటి రెండింటికీ దండం బొమ్మ పెడితే సరిపోతుంది. మూడోదానికి మాత్రం మనసు విప్పాలి.

"హాయ్ అండీ, నేను ఎమ్మెస్సీ సైకాలజీ ఫైనలియర్. నా డిసర్టేషన్ కోసం ఐదంటే ఐదు నిమిషాలు కేటాయించగలరు. మీ వివరాలు గోప్యంగా ఉంచబడతాయి." నొక్కితే మొదటి గడి పేరు. రెండోది ఫోన్ నంబరు. మూడోది కులం. నాలుగోది కుటుంబ వార్షికాదాయం. ఇవన్నీ మా పెద్దత్తయ్య కూడా అడుగుతుంది, కానీ ఆవిడ కాఫీ ఇచ్చి అడుగుతుంది.

ఈసారి పంపింది మా మేనకోడలే కాబట్టి శాస్త్రం మీద పూర్తి గౌరవంతో రాస్తున్నాను. దాని పరిశోధనాంశం యువతలో సోషల్ మీడియా, కుంగుబాటు. యువత అంటే 18 నుంచి 25 ఏళ్లు. మా గ్రూపులో సగం మందికి మోకాళ్ల ఆపరేషన్ అయింది. గైడు గారు 200 మంది ఉండాలన్నారట. 200 ఎందుకని అడిగాను. "మొన్న 150 అన్నాను మావయ్యా, తక్కువన్నారు" అంది. శాంపిల్ సైజు లెక్కగట్టే పద్ధతి ఇంత సులువని నాకిన్నాళ్లూ తెలియదు.

ఆ 200 మంది ఎక్కణ్నుంచి వస్తారంటారా? పెళ్లి చదివింపుల పద్ధతే. నా ఫారం నువ్వు నింపు, నీది నేను నింపుతాను. హాస్టల్లో ఎవరు ఎవరికి ఎన్ని నింపారో పద్దు రాసుకుంటారట. రాత్రి పదకొండింటికి ఒకమ్మాయి పద్నాలుగు మంది అవతారాలెత్తి పద్నాలుగు కుంగుబాట్లు సమర్పించగలదు. ఒకడు అన్నిటికీ రెండు, ఇంకొకడు అన్నిటికీ నాలుగు గుద్దుకుంటూ పోయారనుకోండి, క్రాన్‌బాక్ ఆల్ఫా బ్రహ్మాండంగా వస్తుంది. 1951లో క్రాన్‌బాక్ అనే ఆయన ఆ లెక్క చెప్పింది ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని చూడటానికి. మన దగ్గర అది పాస్ మార్కు. 0.7 దాటితే స్వీట్లు పంచుతారు.

చేతికందినవాళ్లని అడిగి దేశం గుట్టు చెప్పేయడం కొత్తేమీ కాదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక టెలిఫోన్ డైరెక్టరీలూ కార్ల రిజిస్టర్లూ తిరగేసి దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ ఎగరేసుకుపోయాడు. ఆ రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాడి ఓటు వేరు, లేనివాడి ఓటు వేరు. మన పరిశోధకులకు ఆ బెంగ లేదు. వాట్సాప్ అందరికీ ఉంది కదా!

పద్ధతిగా చేసినవాళ్లు లేకపోలేదు. 2015-16లో బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకి శిక్షణ ఇచ్చిన మనుషుల్ని ఇల్లిల్లూ తిప్పారు. మొత్తం 12 రాష్ట్రాలు. వాటిలో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. ఆ లోటు ఇప్పుడు మా మేనకోడలు తీరుస్తోంది.

188 దగ్గర దాని లెక్క ఆగిపోయింది. ఇంకా పన్నెండు మంది కావాలి. ఆదివారం మధ్యాహ్నం మా అమ్మ చింతపండు పిక్కలు తీస్తుంటే మేనకోడలు ఫోన్ పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"అమ్మమ్మకి 74 కదే" అన్నాను.

"మనసులో యువతే కదా మావయ్యా."

ముందే చెప్పాలి, ప్రశ్నలు దాని సొంతం కాదు. డాస్-21 అని కుంగుబాటు, ఆందోళన, ఒత్తిడి కొలిచే 1995 నాటి పేరున్న ప్రశ్నావళి. దాంట్లో సున్నా నుంచి మూడు దాకా నాలుగే జవాబులు. మిగతా సెక్షన్లతో చూడ్డానికి ఒకేలా ఉండాలని మా మేనకోడలు ఒకటి నుంచి ఐదు చేసేసింది. 1932లో ఐదు మెట్ల పద్ధతి తెచ్చినాయన పేరు లికర్ట్ (మన క్లాసుల్లో లైకర్ట్ అంటారు, పోనివ్వండి). ఆయన కూడా ఇంత చనువు తీసుకోలేదు. తెలుగు చేసింది యాప్. ఒకరు అనువదిస్తే, మూలం చూడని ఇంకొకరు దాన్ని వెనక్కి అనువదించి పోల్చుకోవాలని 1970లో బ్రిస్లిన్ అనే పరిశోధకుడు చెప్పాడు కదా అంటే, చేశానంది. అదే యాప్‌తో తిరిగి ఇంగ్లీషు చేసిందట. అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందట.

"అమ్మమ్మా, గత వారం రోజుల్లో 'నేను కుంగిన హృదయంతో నీలంగా ఉన్నట్లు భావించాను.' ఒకటి నుంచి ఐదు లోపు చెప్పు."

"నీలంగా ఏంటే? పాము కరిస్తే అవుతారు నీలంగా."

"అంటే దిగులుగా."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా! వారం అంటే ఎప్పట్నుంచి? మొన్న ఏకాదశికి ఉపవాసం ఉన్నాను, నీరసం వచ్చింది. అది లెక్కలోకొస్తుందా?"

ఫారంలో ఏకాదశికి గడి లేదు.

"పోనీలే. 'నేను చాలా నరాల శక్తిని వాడుతున్నట్లు అనిపించింది.'"

"నరాల బలహీనత మీ తాతకుండేది" అంది మా అమ్మ తొణక్కుండా. నేను దగ్గాను. రైలు పట్టాల పక్క గోడల మీద ఆ మాట ఏ జబ్బుకి వాడతారో ఆవిడకి తెలియదు.

"అంకె చెప్పమ్మమ్మా!"

"మూడు వేసుకో."

"మూడెందుకు?"

"ఒకటంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావు, ఐదంటే మీ అమ్మ ఫోన్ చేసి కంగారు పడుతుంది. మూడున్నర వెయ్యవా?"

ఎదుటివాడి మెప్పుకోసం చెప్పే జవాబుల్ని పట్టుకోవడానికి 1960లో క్రౌన్, మార్లో అనే ఇద్దరు 33 ప్రశ్నలు తయారుచేశారు. మా అమ్మ ఒక్క వాక్యంలో పట్టుబడింది. అయినా మా మేనకోడలు చూడలేదు. అది మూడు నొక్కుతోంది.

"తప్పు చెబితే మార్కులు పోతాయా?" అని ఒక పిక్క తీసి పళ్లెంలో వేసింది అమ్మ.

"పోవమ్మమ్మా. ఆఖరిది. 'జీవితం అర్థరహితమని అనిపించింది.'"

అమ్మ చేతులు ఆగాయి. కాసేపటికి అంది: "సాయంత్రం నాలుగింటికి రెండు గ్లాసుల్లో పోస్తానే కాఫీ. పోశాక గుర్తొస్తుంది."

నేను తలెత్తలేకపోయాను.

"అమ్మమ్మా, ఇది నాలుగా, ఐదా?"

ఇక్కడితో నా వెటకారం అయిపోయింది. ఎందుకంటే అదే ఫారంలో రెండో సెక్షన్ పీహెచ్‌క్యూ-9. కుంగుబాటు కొలిచే తొమ్మిది ప్రశ్నలు. తొమ్మిదోది, చచ్చిపోతే బాగుండుననో నన్ను నేను గాయపరుచుకోవాలనో ఆలోచనలు వచ్చాయా అని. డాక్టరు దగ్గరో కౌన్సెలర్ దగ్గరో దానికి అవునని గీత పెడితే, కాగితం పక్కన పెట్టి మనిషితో మాట్లాడాలి. అప్పుడే, అక్కడే. మన ఫారంలో ఆ ప్రశ్నకి ఎర్ర చుక్క, అంటే తప్పనిసరి. నొక్కాక వచ్చేది "మీ స్పందన నమోదైంది." దాని కింద "మరో స్పందన పంపండి."

మా వీధి కుర్రాడు ఇంటర్ హాస్టల్లో ఉంటాడు. వాళ్ల చేత ఆటల పీరియడ్‌లో ఇదే కాగితం మీద రోల్ నంబరు వేయించి మరీ నింపించారట. పోగుచేసుకుంది వార్డెను. ఏం పెట్టావురా అంటే "అన్నిటికీ సున్నానే అంకుల్, పిచ్చోణ్నా" అన్నాడు. సున్నా పెట్టనివాడెవడైనా ఉంటే వాడి కాగితం ఏ బీరువాలో ఉంది? వాణ్ని ఎవరైనా పిలిచి మాట్లాడారా? చావాలనుందా అని పదహారేళ్ల పిల్లాణ్ని అడిగి, వాడి జవాబుతో సగటు తీసుకుని వెళ్లిపోయేవాళ్లని పరిశోధకులనడానికి నాకు నోరు రాదు. 14416 అని మానసిక సాయానికి టెలీ మానస్ నంబరు ఉంది, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది. ఫారం చివర ఆ ఐదంకెలు వేయడానికి ఏం రోగం? కులం గడికి చోటుంది, దానికి లేదా? మనుషుల మీద పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ సంతకం ఉందా అని మేనకోడల్ని అడిగితే "గైడు గారే చూసుకుంటారు మావయ్యా" అంది. తిట్టాను. ఏడ్చింది. నంబరు చేర్చింది. చేర్చేటప్పటికి 196 మంది నింపేసి వెళ్లిపోయారు.

పోయిన వారం వైవా అయింది. ఫస్ట్ క్లాసు. ఫలితం, సోషల్ మీడియాకీ కుంగుబాటుకీ గణనీయమైన సంబంధం ఉందట. డేటా శుభ్రం చేసేటప్పుడు ఒక స్పందన మిగతావాటితో పొసగడం లేదని, వయసు కూడా తేడాగా ఉందని, అవుట్‌లయర్ కింద తీసేయమన్నారట గైడు గారు. తీసేసింది.

అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది, నాకెన్ని మార్కులొచ్చాయే అని.